సంక్రాంతికి ఊరెళ్లొచ్చాడు, ఏడో ఎక్కం మరిచిపోయాడు

ప్రశ్న: టీచర్‌గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, మర్రిపాలెం. బాబు మూడో తరగతి, పాప ఒకటో తరగతి. ఇద్దరిదీ ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూలే. సంక్రాంతి సెలవులకి రాజాం దగ్గర మా అమ్మగారి ఊళ్లో పది రోజులున్నాం. ఆదివారం రాత్రి తిరిగొచ్చాం. సోమవారం పొద్దున్నే బాబు కడుపునొప్పి అని ఒకటే ఏడుపు. ఆ రోజు మానిపించేశాను. మంగళవారం పంపితే, ‘టేబుల్స్ మరిచిపోయాడు, తీసివేతలన్నీ తప్పులు, ఇంటి దగ్గర రివిజన్ చేయించండి’ అని టీచర్ డైరీలో రాసి పంపారు. డిసెంబరులో ఏడో ఎక్కం గడగడా చెప్పేవాడు. ఇప్పుడు మూడు దగ్గరే ఆగిపోతున్నాడు. తెలుగు కూడా కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. సెలవుల హోంవర్క్ సగం కూడా అవ్వలేదు. రాత్రి పదకొండైనా పడుకోడు, పొద్దున్న లేవడు. మా వారిది పరవాడలో ఫార్మా కంపెనీ, షిఫ్ట్ డ్యూటీ. వెంటనే ట్యూషన్‌లో వెయ్యమంటున్నారు. మా అత్తగారేమో ‘చిన్న గుంటడు, వదిలెయ్యండి, వాడే దార్లో పడతాడు’ అంటున్నారు. నేను బట్టల షాపులో పనిచేసి ఏడింటికి ఇంటికొస్తాను. వీడు వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ట్యూషన్ పెట్టించమంటారా?
ఒక అమ్మ, మర్రిపాలెం

జవాబు:

అమ్మా, ట్యూషన్ ఇప్పుడు వద్దు. ఫిబ్రవరి సగం అయ్యేదాకా ఆ మాటే ఎత్తకండి. ఎందుకు వద్దంటున్నానో తర్వాత చెబుతాను. ముందు ఆ డైరీ మూసి పక్కన పెట్టి, బాబు లెక్కల నోటుబుక్కు తీయండి. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసిన తీసివేత ఒక్కటి చూడండి.

నేను మీ ఇంట్లో లేను కానీ, అక్కడ ఏముంటుందో పందెం కాసి చెప్పగలను. 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాసుంటాడు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని వాడే తిప్పేసుకుని ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేస్తాడు. తర్వాత ఐదులోంచి రెండు తీసి మూడు వేస్తాడు. మొత్తం 35. ముప్పై ఏళ్లకు పైగా చిన్న తరగతులకి చెప్పాను. సంక్రాంతి తర్వాత వారం ఈ 35 ఎన్ని పుస్తకాల్లో చూశానో లెక్కలేదు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలన్న పాత రూలు వాడి తలలో గట్టిగా ఉంది. నవంబరులోనో డిసెంబరులోనో నేర్చుకున్న ‘బారో’, అంటే పక్క పదుల స్థానంలోంచి ఒక పది అప్పు తెచ్చుకోవడం, దాని మీద కొత్తగా కూర్చుంది. పది రోజులు వాడకపోయేసరికి కొత్తది జారిపోయి, పాతది పైకొచ్చింది. అంటే వాడికి తీసివేత రాదని కాదు. ఒక్క మెట్టు దగ్గర కాలు జారుతోంది. ఆ మెట్టు ఏదో తెలిస్తే పని పావుగంటది. ‘తీసివేతలన్నీ తప్పులు’ అనుకుంటూ కూర్చుంటే మాత్రం మీకూ బెంగ, వాడికీ బెంగ.

దీనికి పుస్తకం అక్కర్లేదు. ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు వాడి చేతిలో పెట్టండి. అత్తగారిని కొట్టువాడిగా కూర్చోబెట్టండి. ఇరవై ఏడు రూపాయల సామాను కొనమనండి. చురుకైనవాడైతే మూడు నోట్లిచ్చి మూడు రూపాయలు తిరిగిమ్మంటాడు. అదీ సరైన లెక్కే, మెచ్చుకోండి. కానీ ఈ కొట్లో చిల్లర లేదు, సరిగ్గా ఇరవై ఏడే ఇవ్వాలని అత్తగారు పట్టుబట్టాలి. మీరు పక్కన పది బిళ్లలతో బ్యాంకు పెట్టుకుని కూర్చోండి. అన్ని రూపాయి బిళ్లలు లేకపోతే చింతపిక్కలు చాలు, ఒక్కో పిక్క ఒక్కో రూపాయి. వాడు రెండు బిళ్లలు చూస్తాడు, అత్తగారి మొహం చూస్తాడు, కాసేపటికి మీ దగ్గరికొచ్చి ఒక పది నోటు ఇచ్చి పది పిక్కలు పట్టుకెళతాడు. ఇప్పుడు వాడి దగ్గర నాలుగు నోట్లు, పన్నెండు రూపాయల చిల్లర. అందులోంచి రెండు నోట్లు, ఏడు రూపాయలు ఇచ్చేశాక ఎంత మిగిలిందో వాడే లెక్కపెడతాడు. ఇరవై ఐదు. వెంటనే నోటుబుక్కులో అదే లెక్క వేయించి, ఐదు కొట్టేసి నాలుగు, రెండు కొట్టేసి పన్నెండు రాయించండి. ‘బారో అంటే ఇదా’ అని వాడే అంటాడు. ఒకసారి కాదు, మూడు రాత్రులు వరసగా, రోజుకి రెండేసి లెక్కలు. రెండే. మూడోది అడిగితే కూడా రేపు చేద్దామనండి.

అసలు వాడు నిజంగా మరిచిపోయాడా అన్నది మీ మనసులో ఉన్న ప్రశ్న. జర్మనీలో ఎబింగ్‌హాస్ అనే ఆయన ఒక వింత పని చేసి, 1885లో దాని మీద పుస్తకం వేశాడు. అర్థంపర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, కొన్నాళ్లాగి, ఎంత మరిచిపోయాడో చూసుకుని, మళ్లీ నేర్చుకుంటూ పోయాడు. మరిచిపోవడం మొదట్లో చాలా వేగంగా ఉంటుందని తేలింది. మన పిల్లల విషయంలో పనికొచ్చేది రెండో సంగతి. మరిచిపోయాననుకున్నదాన్ని మళ్లీ నేర్చుకోడానికి మొదటిసారి పట్టినంత టైం పట్టలేదు. పైకి ఏమీ గుర్తులేనట్టున్నా లోపల ఎంతో కొంత మిగిలే ఉంటుందన్నమాట. ఏడాది సైకిల్ తొక్కనివాడు మళ్లీ ఎక్కితే నాలుగు గజాలు వంకరగా పోయి తర్వాత సర్దుకుంటాడు చూడండి, అలాగ. మీవాడు ఇప్పుడు ఆ నాలుగు గజాల్లో ఉన్నాడు. ఈ టైంలో వెనకనుంచి అరిస్తే ఎవడైనా పడిపోతాడు.

నేనూ అరిచినదాన్నే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, భీమిలి వైపు ఒక చిన్న బడి. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి రోజు, మొదటి పీరియడే, డిసెంబరు పాఠంలోంచి ఇరవై మాటలు డిక్టేషన్ పెట్టాను. పదికి మించి వచ్చినవాళ్లు నలుగురో ఐదుగురో. తప్పుపోయిన ప్రతి మాటా పదిసార్లు రాయమని కూర్చోబెట్టాను. మర్నాడు క్లాసు సగం ఖాళీ. హెడ్‌మాస్టారు నన్నేమీ అనలేదు. ఆ రోజు నా క్లాసు ఆయనే తీసుకుని, ‘భోగి మంటలో ఎవరు ఎన్ని పిడకలేశార్రా’ అని అడిగారు. అంతే, గోల. ఒకడు ఇరవై అన్నాడు, ఒకడు నూటెనిమిది అన్నాడు. అబద్ధాలు కూడా బోలెడు. వాళ్లు చెప్పే మాటలన్నీ బోర్డు మీద రాసుకుంటూ పోయారు: పిడక, దండ, డోలు, సన్నాయి, తాతయ్య. గంగిరెద్దు దగ్గరికొచ్చేసరికి కావాలనే ‘గంగిరెదు’ అని రాశారు. వెనక బెంచీలోంచి ఒక గుంటడు లేచి, ‘సార్, దకి ద ఒత్తు పెట్టలేదు’ అన్నాడు. ముందురోజు నా డిక్టేషన్‌లో ఇరవైకి రెండు తెచ్చుకున్నది వాడే. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా సెలవుల మర్నాడు పరీక్ష పెట్టలేదు.

ఇది మీ ఇంట్లో కూడా పనికొస్తుంది. సెలవుల హోంవర్క్ సగం మిగిలిందన్నారు కదా. మిగిలింది కాపీ రైటింగ్ అయ్యుంటుంది, ఎక్కడైనా అదే మిగులుతుంది. అది మీరు రాసిపెట్టకండి. ఎడమచేత్తో వంకరగా రాసినా, పెన్సిల్ అదిమిపట్టి రాసినా, అమ్మ రాత మాకు తెలిసిపోతుంది. మేం తెలియనట్టు ఉంటాం, అంతే. దాని బదులు టీచర్‌గారికి డైరీలో నాలుగు ముక్కలు రాయండి: ‘ఊరెళ్లడం వల్ల హోంవర్క్ పూర్తి కాలేదు. ఈ వారం రోజుకి ఒక పేజీ చొప్పున రాసి పంపిస్తాను. ఊళ్లో చూసినవాటి గురించి బాబు సొంతంగా కొన్ని వాక్యాలు రాస్తాడు, అవి కూడా చూడండి. తీసివేతల్లో బారో దగ్గర పొరబడుతున్నట్టుంది, ఇంటి దగ్గర చేయిస్తున్నాను.’ ఇంత రాస్తే చాలామంది టీచర్లు సరేనంటారు. నలభైమంది పుస్తకాలు దిద్దుకునే మనిషికి, ఒక తల్లి తప్పు ఎక్కడుందో పట్టుకుని రాస్తే ఎంత సాయమో మీకు తెలీదు.

ఆ సొంత వాక్యాలు మూడు చాలు. అమ్మమ్మ ఊరి గురించి అని పెద్ద హెడ్డింగ్ పెట్టి భయపెట్టకండి. ‘తాత కనుమనాడు ఆవుకి ఏం చేశాడు’ అని అడగండి. ‘కొమ్ములకి రంగేశాడు’ అంటాడు. ‘అదే రాయి’ అనండి. ‘కొమ్ములకి’లో మ ఒత్తు మర్చిపోతే అప్పుడే దిద్దకండి. మూడు వాక్యాలూ అయ్యాక, ‘ఇందులో ఒకచోట ఒత్తు పోయింది, ఎక్కడో నువ్వే వెతుకు’ అనండి. చెయ్యి నొప్పెడుతోంది అంటే నమ్మండి. పది రోజులు పెన్సిల్ పట్టని వేళ్లు నిజంగానే తొందరగా అలిసిపోతాయి. రాత కూడా కొన్నాళ్లు కోడి కెలికినట్టే ఉంటుంది, దాని జోలికి ఈ రెండు వారాలు పోకండి.

ఇక ఎక్కం. మీవాడు మూడు దగ్గర ఆగిపోతున్నాడంటే, పాటలాగా నేర్చుకున్నాడన్నమాట. ‘సెవెన్ వన్ జా సెవెన్’ అని మొదలెట్టి ఊపు మీద పోతేనే వస్తుంది. మధ్యలో ఏడు ఆర్లు ఎంత అంటే మొదటినుంచి మళ్లీ పాడుకోవాలి. పాటకి ఒక చరణం పోతే మిగతా అంతా పోయినట్టే. అందుకని పాట మానిపించి, ముగ్గు వేయించండి. మొన్నటిదాకా అమ్మమ్మ వాకిట్లో చుక్కలు పెట్టే ఉంటాడు. పెట్టకపోయినా చూసుంటాడు. మీ గడప ముందు సుద్దముక్కతో ఒక వరసకి ఏడు చుక్కలు పెట్టమనండి. ఏడు. కింద ఇంకో వరస. పద్నాలుగు. అలా ఐదు వరసలు పెట్టాక ముప్పై ఐదు దగ్గర ఆపి, అక్కడ ఒక గీత గీయమనండి. ఐదో వరస పిల్లలకి తొందరగా గుర్తుంటుంది, ఐదో ఎక్కం ఎలాగూ వచ్చు కాబట్టి. ఇప్పుడు ఆరో వరస పెడితే ముప్పై ఐదుకి ఏడు కలిపితే చాలు, నలభై రెండు. ఏడో వరసకి నలభై తొమ్మిది, ఏడు చుక్కలు ఏడు వరసలు, నలుచదరంగా ముగ్గు. దాన్ని అడ్డంగా లెక్కపెట్టినా నిలువుగా లెక్కపెట్టినా ఒకటే అని వాడే కనిపెడితే ఇంకా మంచిది. మీ అత్తగారికి ముగ్గులొస్తే ఆ చుక్కలు కలిపి ముగ్గు పూర్తి చెయ్యమనండి, వాడు పక్కన కూర్చుని చూస్తాడు. పొద్దున్న స్కూలుకి వెళ్తూ దాన్ని దాటి వెళ్లాలి కాబట్టి ‘గీత దగ్గర ఎంత?’ అని అడగొచ్చు. ముప్పై ఐదు అని చెప్పి గెంతేస్తాడు.

చదువుకి వస్తే, కూడబలుక్కోవడం గురించి బెంగ వద్దు. ఒత్తుల దగ్గరే తడబడుతున్నాడనుకుంటాను. మీరు ఉండేది మర్రిపాలెం. మీ ఊరి పేరులోనే ర కింద ర ఒత్తుంది. ఆదివారం వాణ్ని తీసుకుని సిటీ బస్సులో ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా వెళ్లి రండి. బస్సుల మీద బోర్డులు, కొట్ల మీద బోర్డులు చదివించండి. తాటిచెట్లపాలెంలో ట కింద ల. సీతమ్మధారలో మ కింద మ. మద్దిలపాలెంలో ద కింద ద. గోపాలపట్నంలో ట కింద న. పెందుర్తిలో ర కింద త. గాజువాకలో ఒక్క ఒత్తూ లేదు, కంచరపాలెంలో సున్నాలే ఉన్నాయి. ఒకే పేరులో రెండు ఒత్తులున్నది వెతకమంటే అక్కయ్యపాలెం దగ్గర కేకేస్తాడు. కాంప్లెక్స్‌లో ఆగి భీమిలి వెళ్లే 900కె కనిపిస్తే నంబరు కూడా చదవమనండి. బస్సు కదిలిపోయేలోపు చదవాలి కాబట్టి కూడబలుక్కునే టైం ఉండదు, గబుక్కున మొత్తం మాట పట్టుకోవడం అలవాటవుతుంది. తెలియకుండానే వేగం వస్తుంది. ఒకటో తరగతి పాప కూడా వెంటే ఉంటుంది కదా, ఆమెకి మొదటి అక్షరం చెబితే చాలు. చిన్నదాని గురించి మీరు ఏమీ అడగలేదు, అడగాల్సిందీ లేదు. గుణింతాలు కొన్ని పోయుంటాయి, అన్న చదువుతుంటే విని పట్టేస్తుంది.

ఇంట్లో రోజూ పది నిమిషాలు చదువు కావాలి, ఇది మాత్రం తప్పించకండి. వినేది మీరు కానక్కర్లేదు. మీ అత్తగారికి చదువు వచ్చో రాదో నాకు తెలీదు. రాకపోతే ఇంకా మంచిది, నవ్వులాటకి అనడం లేదు. చదువు వచ్చినవాళ్లు పక్కన కూర్చుంటే, పిల్లాడు తడబడిన ప్రతిచోటా మనమే మాట అందించేస్తాం. వాడు ఆగి మన మొహం చూడటం నేర్చుకుంటాడు. చదువు రాని నాన్నమ్మ అయితే ‘తర్వాతేమైందిరా’ అంటుంది. తర్వాతేమైందో చెప్పాలంటే వాడే చదవాలి. తెలుగు వాచకంలో డిసెంబరులో అయిపోయిన కథలు ఉంటాయి, అవే చదివించండి. కొత్త పాఠం వద్దు. వచ్చిన కథనే మళ్లీ చదివితే, ‘నాకు చదవడం వచ్చు’ అన్న ధైర్యం ముందు తిరిగొస్తుంది.

ఇవన్నీ చెప్పాను కానీ, నిద్ర సర్దుకోకపోతే వీటిలో ఏదీ అతకదు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పదకొండింటికి పడుకుని ఆరున్నరకి లేస్తే ఏడున్నర గంటలే. అలాంటివాడు రెండో పీరియడ్‌లో ఏడో ఎక్కం చెప్పలేకపోతే అది ఎక్కం తప్పు కాదు. రాత్రి ‘పడుకో పడుకో’ అని తిడితే నిద్ర రాదు, పొద్దున్న వైపు నుంచి నరుక్కురావాలి. స్కూలున్నా లేకపోయినా, ఆదివారం కూడా, ఆరున్నరకి లేపెయ్యండి. జనవరిలో మన విశాఖలో ఇంచుమించు అప్పుడే తెల్లవారుతుంది. లేవగానే డాబా మీదకి తీసుకెళ్లి ఓ పది నిమిషాలు వెలుతుర్లో నిలబెట్టండి, పళ్లు అక్కడే తోముకోనివ్వండి. పొద్దుటి వెలుగు కంట్లో పడితే రాత్రి నిద్ర తొందరగా వస్తుంది. మొదటి రెండు రోజులు సాయంత్రం వచ్చి తూగుతాడు. అప్పుడు పడుకోనివ్వకుండా కిందకి పంపి ఆడుకోనివ్వండి. ఎనిమిది దాటాక ఫోన్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు. మీ చేతిలో కూడా, అమ్మా. నాలుగైదు రోజుల్లో తొమ్మిది, తొమ్మిదింపావుకల్లా కళ్లు మూతలు పడతాయి.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ వారు రెండో షిఫ్ట్‌కి వెళ్లిన రోజుల్లో ఇంటికి పదకొండింటికి వస్తారా? వాడు మేలుకునేది నాన్న కోసమేమో చూడండి. మా క్లాసులో ప్లాంటు ఉద్యోగుల పిల్లలు కొందరు అలాగే ఉండేవాళ్లు. అదే అయితే, నాన్న ఇంట్లో ఉండే పొద్దుటి పూట ఇరవై నిమిషాలు వీడికి కేటాయించమనండి. స్కూలు వ్యాన్ దాకా నాన్న నడిపించుకెళ్లినా చాలు.

కడుపునొప్పి అబద్ధం అనకండి. సోమవారం పొద్దున్న కడుపునొప్పి పిల్లలకి నిజంగానే వస్తుంది. బెంగ పెద్దవాళ్లకి తలలో తెలిస్తే, వాళ్లకి కడుపులో తెలుస్తుంది. ‘నొప్పిగా ఉందా, సరే, కాసేపు పడుకుని, నీళ్లు తాగి, ఇడ్లీ తిని వెళ్లు, వచ్చాక ఎలా ఉందో చెప్పు’ అనండి. మానిపిస్తే మాత్రం మంగళవారానికి నొప్పి ఇంకొంచెం పెరుగుతుంది. అయితే జ్వరం, వాంతులు ఉన్నా, నొప్పికి నిద్రలోంచి లేచినా, ఆదివారం కూడా వస్తున్నా, రెండు వారాలైనా తగ్గకపోయినా పిల్లల డాక్టరుకి చూపించాలి. ఇంకొకటి కూడా నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. స్కూల్లో బాత్‌రూమ్‌కి వెళ్తున్నాడా లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటున్నాడా? వ్యాన్‌లో ఎవరైనా ఏడిపిస్తున్నారా? ‘స్కూల్లో ఏమైంది’ అంటే ‘ఏం లేదు’ అంటారు. ‘వ్యాన్‌లో నీ పక్కన ఎవరు కూర్చుంటారు’ అంటే నోరు విప్పుతారు.

జనవరి 26 దగ్గరకొస్తోంది కదా. డ్రిల్లో, పాటో, జెండా పట్టుకునే వరసో, ఏదో ఒకటి స్కూల్లో నడుస్తూ ఉంటుంది. మీవాణ్ని అందులో ఉండమనండి. స్కూలుకి వెళ్లడానికి ఎక్కాలు కాని కారణం ఒకటి ఉంటే పొద్దున్న కాలు ముందుకి పడుతుంది.

ఇప్పుడు ట్యూషన్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. స్కూలయ్యాక మళ్లీ ఇంకో రెండు గంటలు కూర్చోబెడితే, ఆడుకునే టైం పోతుంది, నిద్ర ఇంకా వెనక్కి పోతుంది. నేను చూసిన చాలా ట్యూషన్లలో ఆ రోజు హోంవర్క్ పూర్తి చేయించి పంపిస్తారు. మీవాడికి కావలసింది అది కాదు, 52లోంచి 27 ఎలా పోతుందో ఒకరు పక్కన కూర్చుని చూడటం. అయినా మీ వారి భయం ఊరికే వచ్చింది కాదు. మూడో తరగతి అయ్యేలోపు ప్రతి పిల్లాడికీ అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు చెయ్యడం రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమమే పెట్టింది. నాలుగు నుంచి పుస్తకాలు ఒక్కసారిగా బరువెక్కుతాయి, అక్కడ తడబడితే కష్టమే. అందుకని మీ వారికి ఒక పని అప్పగించండి. డిసెంబరు నోటుబుక్కులు తీసి చూడమనండి. డిసెంబరులో సరిగ్గా చేసినవి ఇప్పుడు తప్పుతుంటే, అది సెలవుల తుప్పు, రెండు మూడు వారాల్లో వదులుతుంది. డిసెంబరులోనూ ఇవే తప్పులుంటే మాత్రం సంక్రాంతిని తిట్టుకుని లాభం లేదు. అప్పుడు టీచర్‌గారిని కలవాలి. బోర్డు సరిగ్గా కనబడుతోందో లేదో కళ్లు కూడా చూపించాలి. ఫిబ్రవరి సగానికి కూడా తేడా రాకపోతే, అప్పుడు ట్యూషన్ మాట ఆలోచిద్దాం, అదీ పదిమందికి మించని చోట.

మీ అత్తగారన్నదాంట్లోనూ సగం నిజముంది. దార్లో పడతాడు, కానీ వదిలేస్తే కాదు, పక్కన ఎవరైనా కూర్చుంటే. ఆ పక్కన కూర్చునే మనిషి ఆవిడే కావొచ్చు. ఏడింటికి మీరొచ్చేసరికి చదివి వినిపించడం, ముగ్గు చుక్కలు అయిపోయి ఉంటే, మీరు అన్నం తిన్నాక పావుగంట చిల్లర ఆట ఆడితే చాలు. షాపులో రోజంతా నిలబడి వచ్చిన మనిషివి, అంతకన్నా నీ నెత్తిన పెట్టుకోకు తల్లీ. ఊరి నుంచి తెచ్చిన అరిసెలు ఇంకా మిగిలుంటే ఆట గెలిచినవాళ్లకి ఒకటి.

ఈ శనివారం ఎవరూ పక్కన లేకుండా, పిక్కలూ నోట్లూ లేకుండా, కాగితం మీద 52లోంచి 27 తీసెయ్యమనండి. ఏం రాశాడో నాకు ఒక ముక్క రాయండి. 35 అని రాసినా సరే, రాయండి.